పాప పేరు దాచడానికి ఆరు లక్షలు అక్కర్లేదు

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా చేస్తున్నాను. మా అక్క కూతురికి 16 ఏళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం. బావగారు పోయినప్పటి నుంచి ఆ ఇంటి మంచిచెడ్డలు నేనే చూస్తున్నాను. ఈమధ్య ట్యూషన్ మాస్టారు పాపతో అసభ్యంగా ప్రవర్తించాడు. అక్క పోలీస్ స్టేషన్‌కి వెళ్లింది. పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో కింద కేసు కట్టారు, ఛార్జిషీట్ కూడా వేశారు. ఇప్పుడు మాస్టారి తరఫు పెద్దమనుషులు నన్ను పిలిపించి మాట్లాడుతున్నారు. "కొత్త చట్టంలో ప్లీ బార్గెయినింగ్ (నేరం ఒప్పుకుని శిక్ష తగ్గించుకునే బేరం) వచ్చింది, ఏడేళ్లలోపు శిక్ష పడే కేసులన్నిటికీ వర్తిస్తుంది. మావాడు ఒప్పుకుంటాడు, జరిమానాతో పోతుంది. పేపరుకెక్కదు, పాప పేరు బయటికి రాదు" అని వాళ్ల లాయరు చెప్పాడు. ఆరు లక్షలు ఇస్తామంటున్నారు. రాజీ కాగితం వాట్సాప్‌లో పంపారు, సాక్షిగా నా సంతకం అడుగుతున్నారు. దాని ఫోటో జత చేశాను. సంగతి తెలిసి అక్క నాతో మాట్లాడటం మానేసింది. పాప ఏమీ అనదు. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఇదంతా బయటపడితే ఎలా అన్నదే నా టెన్షన్. అమెరికాలో మైనర్ బాలికలను లైంగికంగా వాడుకున్న ధనవంతుడు ఎప్‌స్టీన్ కేసులో ప్రభుత్వమే గుట్టుగా ఒప్పందం చేసుకుందని వార్తల్లో చూశాం. అక్కడ చెల్లింది ఇక్కడ ఎందుకు చెల్లదు?
— ఒక మేనమామ, గుంటూరు

సమాధానం:

ఆ లాయరు మీకు సెక్షన్‌లో సగమే చదివి వినిపించాడు. తెలియక కాదు, తెలిసే అలా చేశాడని నా అనుమానం.

ప్లీ బార్గెయినింగ్ కొత్తగా వచ్చిందేమీ కాదు. మన దేశంలో 2006 జులై నుంచి ఉంది. క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే కొత్త చట్టం, 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోనూ కొనసాగించారు. ఏడేళ్లకు మించి శిక్ష పడే నేరాలకు అది వర్తించదు, నిజమే. అయితే ఆ సెక్షన్ అక్కడితో ఆగిపోలేదు. మహిళల మీద గానీ పిల్లల మీద గానీ జరిగిన నేరమైతే శిక్ష ఎన్నేళ్లయినా సరే, వర్తించదని కూడా అందులోనే ఉంది. పాత చట్టంలో పిల్లలంటే 14 ఏళ్లలోపు అని ఉండేది, ఇప్పుడు ఆ వయసు మెలిక కూడా తీసేశారు. పిల్లల బాధ్యత నమ్మి అప్పగిస్తే, ఆ స్థానంలో ఉండి లైంగిక దాడికి పాల్పడినవాడికి పోక్సోలో 5 నుంచి 7 ఏళ్ల శిక్ష ఉంది. ఏడు దాటలేదు కదా అన్నది వాళ్ల లెక్క అయ్యుంటుంది. ఆ లెక్క మీ పాప విషయంలో ఎటునుంచి చూసినా పనికిరాదు.

అయినా ఒక సంగతి ఆలోచించండి. ఆ మాస్టారు నిజంగా తప్పు ఒప్పుకోవాలనుకుంటే ఆపుతున్నదెవరు? అభియోగాలు చదివి వినిపించే రోజున పోక్సో కోర్టు జడ్జి "నేరం ఒప్పుకుంటున్నావా?" అని ఎలాగూ అడుగుతారు. అవునంటే దాన్ని రాసుకుని అప్పుడే దోషిగా తేల్చవచ్చు. దానికి మీ సంతకం అక్కర్లేదు, స్టాంపు పేపరు అక్కర్లేదు, పెద్దమనుషుల కాఫీ ఖర్చులు అసలే అక్కర్లేదు. కాకపోతే కనీస శిక్ష తప్పదు. కాబట్టి ఇక్కడ బేరమాడుతున్నది ఒప్పుకోవడం గురించి కాదు. అదేమిటో మీరు పంపిన కాగితంలోనే ఉంది.

మీరు యార్డులో పనిచేసేవారు. టిక్కీ (మిర్చి బస్తా) విప్పి కాయ చేతిలోకి తీసుకుని చూడకుండా ధర మాట్లాడరు. ఈ కాగితాన్నీ అలాగే చూద్దాం.

మొదటి పేరా: "కొందరి ప్రోద్బలం వలన, అపార్థం వలన సదరు ఫిర్యాదు చేసియున్నాము." ఈ మాట రాసిస్తున్నది మీ అక్క, తల్లిగానూ సంరక్షకురాలిగానూ. అంటే అపార్థం చేసుకున్నది తల్లి, అబద్ధం చెప్పింది పిల్ల. మాస్టారు ఫలానా పని చేశాడని గానీ, చేసినందుకు బాధపడుతున్నాడని గానీ కాగితం మొత్తంలో ఒక్క ముక్క లేదు. "మావాడు ఒప్పుకుంటాడు" అన్నారే, ఒప్పుకున్నది మీ అక్క! ఛార్జిషీట్ దాకా వచ్చిందంటే పాప ఈపాటికి మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇచ్చే ఉంటుంది. రేపు ఏ కారణంగా ఈ రాజీ బెడిసినా, ఆ వాంగ్మూలం మీదికి వాళ్ల లాయరు తీసే మొదటి ఆయుధం ఈ కాగితమే.

రెండో పేరా ఇంకా ఘోరం. "ఇకపై ఈ విషయము ఎవరితోనూ ఏ రూపములోనూ ప్రస్తావించము. ప్రస్తావించిన యెడల పుచ్చుకున్న సొమ్మునకు రెట్టింపు చెల్లించగలము." ఎవరితోనూ అంటే ఎవరితోనూ. పాప రేపు ఒక డాక్టరు దగ్గర కూర్చుని మనసులో ఉన్నది చెప్పుకున్నా, స్నేహితురాలితో అన్నా, పెళ్లయ్యాక భర్తతో పంచుకున్నా పన్నెండు లక్షలు. మాస్టారి మీద మాత్రం ఒక్క షరతూ లేదు. ట్యూషన్లు చెప్పనని లేదు, ఆడపిల్లల బ్యాచ్ పెట్టనని లేదు, ఊరు మారనని కూడా లేదు. మీ సంతకానికి వదిలిన జాగా పక్కన ఆధార్ నంబరు రాయడానికి గళ్లు మాత్రం శ్రద్ధగా గీశారు.

ఇలాంటి ఒప్పందాల గతి ఏమిటో 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే రాసి ఉంది. దోపిడీ కేసు వదిలేస్తానని ఒకడు, దోచిన సొత్తు విలువ తిరిగిచ్చేస్తానని రెండోవాడు ఒప్పుకుంటే అది చెల్లదని 23వ సెక్షన్ కింద ఉదాహరణగానే ఇచ్చారు. సొత్తు పోయిన కేసుకే ఆ మాట అన్నారు. పైగా నేరం చేసినవాణ్ణి శిక్ష నుంచి తప్పించడానికి డబ్బు ఇవ్వజూపడం, పుచ్చుకోవడం రెండూ ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత ప్రకారం నేరాలే. డబ్బు మీ చేతుల మీదుగా నడిస్తే అందులో ఇరుక్కునేది మీరు. మధ్యవర్తిత్వం పెద్దరికమని అనుకుంటున్నట్టున్నారు, మీ పెద్దమనుషులు సంతకానికి తమ పేర్లు కాకుండా మీ పేరే ఎందుకు పెట్టారో అడిగి చూడండి.

"ఇక్కడ కాకపోతే నేలపాడు వెళ్లి హైకోర్టులో కొట్టేయిస్తాం" అని కూడా అనే ఉంటారు, లేదా రేపు అంటారు. రాజస్థాన్‌లో అచ్చం ఇలాగే జరిగింది. నిందితుడు టీచరు, అమ్మాయి మైనరు. అపార్థం వల్ల కేసు పెట్టామని తండ్రి చేత స్టాంపు పేపరు మీద రాయించుకున్నారు. దాన్ని చూసి 2022లో అక్కడి హైకోర్టు కేసు కొట్టేసింది. ప్రభుత్వం పైకి వెళ్లలేదు, కుటుంబమూ వెళ్లలేదు. ఆ ఊరివాళ్లే ఇద్దరు సుప్రీంకోర్టు తలుపు తట్టారు. మీకేం సంబంధమని అవతలివాళ్లు అడిగారు. 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు రాజీని పక్కనపెట్టి కేసును మళ్లీ నడిపించమంది. పిల్లల మీద జరిగే ఇలాంటి నేరం ఇరువర్గాల మధ్య ప్రైవేటు తగాదా కాదు, సమాజం మొత్తం మీద జరిగిన నేరమని చెప్పింది. అంటే మీ సంతకంతో అది ముగిసిపోతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. రెండేళ్ల తర్వాత ఎవరైనా తవ్వితే అప్పుడు మళ్లీ మొదటికొస్తుంది, పాప డిగ్రీలో ఉండగా.

ఇక మీ అసలు భయం, పాప పేరు. దీనికి సూటిగా జవాబు చెబుతాను. ఆ పేరును చట్టం ఇప్పటికే దాచి ఉంచింది, పైసా ఖర్చు లేకుండా. పోక్సో కేసు విచారణ తలుపులు మూసిన గదిలో జరుగుతుంది. పాప పేరు, ఇల్లు, కాలేజీ, ఫోటో, ఆనవాలు పట్టించే ఏ వివరమూ పేపర్లు గానీ టీవీలు గానీ యూట్యూబ్ ఛానళ్లు గానీ ఇవ్వకూడదు. ఎఫ్‌ఐఆర్‌లు పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించినప్పుడు లైంగిక నేరాల కేసులను మినహాయించింది. పేరు చెప్పకపోయినా పోల్చుకోగలిగేలా వివరాలిస్తే అదీ తప్పేనని 2018 డిసెంబరులో ఇంకోసారి గట్టిగా చెప్పింది.

మరి పేరు బయటికొచ్చేది ఎక్కడి నుంచి? ఈ రాజీ మాటల దగ్గర ఇప్పటికి ఎంతమంది కూర్చున్నారో మీరే లెక్కపెట్టుకోండి. మీకు పంపిన కాగితంలో పాప పూర్తి పేరు ఉంది, తండ్రి పేరు ఉంది, బ్రాడీపేటలో ఎన్నో లైనులో ఎన్నో అడ్డరోడ్డో అదీ ఉంది. గుట్టు కాపాడే కాగితమట! మీ దాకా రావడానికి అది ఎన్ని ఫోన్లు దాటిందో, ఎవరెవరి గ్యాలరీలో కూర్చుందో. దయచేసి దాన్ని ఇంకెవరికీ ఫార్వర్డ్ చేయకండి. నాకు పంపిన కాపీ నేను తీసేశాను.

కోర్టులో దాగనిది ఒక్కటే ఉంది. ఫలానా వ్యక్తి మీద ఫలానా అభియోగం వచ్చింది, సాక్ష్యం విన్నాం, ఇదీ తీర్పు అన్నది. వాళ్లు ఆరు లక్షలు పెట్టి కొంటున్నది సరిగ్గా దాన్నే. పాప పేరు చూపించి మాస్టారి పేరు దాచుకుంటున్నారు. అతను ఇప్పటికి నిందితుడే, దోషి కాదు. పరువుకు భయపడి డబ్బుతో వదిలించుకోవాలని చూసే నిర్దోషులు ఉండరని నేను అనను. ఒకవేళ అదే నిజమైతే అతనికి కూడా కోర్టు తీర్పే దిక్కు. "అపార్థం" అని రాయించుకున్న కాగితం చూసి ఎవరు నమ్ముతారు?

తీర్పు లేకపోతే ఏమవుతుందో కాస్త ముందుకు వెళ్లి చూడండి. పిల్లలతో రోజూ పనుండే సంస్థలన్నీ తమ సిబ్బంది గురించి పోలీసు వెరిఫికేషన్ చేయించాలని 2020 పోక్సో నిబంధనల్లో ఉంది. ఈ కేసు సాక్షులు అడ్డం తిరిగి కొట్టుకుపోతే రేపు బెజవాడలో ఏ కాలేజీ వెరిఫికేషన్ చేయించినా అతని మీద ఒక్క శిక్షా కనిపించదు. లైంగిక నేరస్థుల జాతీయ డేటాబేస్ ఒకటి 2018 నుంచి ఉంది గానీ అది చూసే వీలు పోలీసులకే, తల్లిదండ్రులకు లేదు. బెంజి సర్కిల్ దగ్గర కొత్త బోర్డు చూసి పిల్లని చేర్పించే తల్లికి ఏదైనా తెలిసే అవకాశం ఉందంటే అది మీ అక్క కేసులో వచ్చే తీర్పు వల్లే. ఈ భారం ఒక్క కుటుంబం మీద పడటం అన్యాయమే, ఒప్పుకుంటాను.

అమెరికాలో చెల్లింది కదా అన్నారు. ఎలా చెల్లిందో వినండి. ఫ్లోరిడాలోని పామ్ బీచ్ పోలీసులు 2005లో ఎప్‌స్టీన్ మీద దర్యాప్తు మొదలుపెట్టారు. ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వ ప్రాసిక్యూటర్లు 53 పేజీల అభియోగపత్రం చిత్తుప్రతి కూడా సిద్ధం చేసుకున్నారు. అది కోర్టు మెట్లెక్కలేదు. 2007 సెప్టెంబరులో, ఫెడరల్ కేసు పెట్టబోమని అతనితో ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఇది బహిరంగ రికార్డుల్లోకి వెళ్లదని అందులోనే రాసుకున్నారు. అతనికి సహకరించిన నలుగురికి పేర్లతో సహా, మిగతావాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకూ రక్షణ ఇచ్చారు. ఆ తర్వాత, 2008 జనవరిలో, బాధిత అమ్మాయిల్లో కొందరికి ఉత్తరాలు వెళ్లాయి: కేసు దర్యాప్తులో ఉంది, ఓపిక పట్టండి అని. ఒప్పందం అయిపోయి అప్పటికి నెలలు గడిచాయి! 2008 జూన్ 30న అతను రాష్ట్ర కోర్టులో వ్యభిచారానికి సంబంధించిన రెండు నేరాలు ఒప్పుకున్నాడు. వేసింది 18 నెలలు, ఉన్నది సుమారు 13 నెలలు. అందులోనూ చాలాకాలం వారానికి ఆరు రోజులు పగలంతా తన ఆఫీసులో గడిపి రాత్రికి జైలుకొచ్చేవాడు.

ఆ అమ్మాయిలు కోర్టుకెక్కారు. 2019 ఫిబ్రవరిలో ఫెడరల్ జడ్జి కెన్నెత్ మార్రా, ఒప్పందం సంగతి వాళ్లకు చెప్పకపోవడం 2004 నాటి బాధితుల హక్కుల చట్టాన్ని ఉల్లంఘించడమేనని తేల్చారు. జులైలో అతన్ని న్యూయార్క్ కేసులో మళ్లీ అరెస్టు చేశారు. నాడు ఫ్లోరిడాలో ఆ ఒప్పందానికి బాధ్యుడైన ప్రాసిక్యూటర్ అలెగ్జాండర్ అకోస్టా అప్పటికి అమెరికా కార్మిక మంత్రి. ఆ పదవికి రాజీనామా చేయాల్సి వచ్చింది. ఆగస్టు 10న ఎప్‌స్టీన్ జైల్లో చనిపోవడంతో ఆ విచారణ జరగనే లేదు. చివరికి 2021లో అప్పీలు కోర్టు ఏమందో తెలుసా? ఫెడరల్ కేసే దాఖలు కాలేదు కనుక ఆ చట్టం కింద విడిగా దావా వేసే హక్కు ఆ అమ్మాయిలకు లేదంది. కేసు పెట్టకుండా లోపలే బేరం ముగించినందువల్ల ఆ బేరం గురించి అడిగే హక్కు కూడా పోయింది. మీరు ఉదాహరణగా తీసుకోదలిచింది దీన్నేనా?

మన దగ్గర ప్లీ బార్గెయినింగ్ కుదిరే చిన్నాచితకా కేసుల్లో సైతం బాధితుడికి నోటీసు ఇచ్చి, మాటల్లో కూర్చోబెట్టి, తీర్పును మాత్రం అందరి ముందూ తెరిచిన కోర్టులోనే చెప్పాలి. మీ పెద్దమనుషులు చెబుతున్న పద్ధతి మన చట్టంలో ఉన్నది కాదు, వాళ్లు కట్టుకున్నది.

"పాప ఏమీ అనదు" అని ఒక్క ముక్కలో రాసి ముందుకెళ్లిపోయారు. ఎవరైనా అడిగారా? కేసు వదిలేద్దామా అని కాదు, ఆ నిర్ణయం భారం 16 ఏళ్ల పిల్ల మీద వేయకూడదు, తను సరేనన్నా రాజీ చట్టబద్ధం కాదు కూడా. కోర్టుకు ఎవరు తోడు రావాలి, ఇంట్లో ఈ విషయం ఎవరి ముందు మాట్లాడకూడదు, ట్యూషన్ లేకుండా ఫిజిక్స్ ఎలా నెట్టుకొస్తోంది, ఇలాంటివి అడగండి. కోర్టులో అవతలి లాయరు పాప మీద నేరుగా విరుచుకుపడే వీల్లేదు. ప్రశ్నలు జడ్జికి ఇస్తే జడ్జి అడుగుతారు. నిందితుడు కంటబడకుండా తెర గానీ వీడియో గానీ ఏర్పాటు చేయాలి. మాటిమాటికీ పిలిపించకూడదు. కేసు మొత్తంలో వెన్నంటి ఉండేందుకు సపోర్ట్ పర్సన్‌ను నియమించమని బాలల సంక్షేమ కమిటీని అడగవచ్చు. రాసి ఉన్నదంతా ప్రతి కోర్టు హాల్లో తు.చ. తప్పక జరుగుతుందని నేను చెప్పను. ఏడాదిలో విచారణ ముగించాలన్న మాట కూడా "వీలైనంతవరకు" అనే ఉంది, వాయిదాలు మీరూ చూస్తారు. అందుకే అడగడం నేర్చుకోవాలి. అడగనివాళ్లకు ఇవేవీ దొరకవు.

డబ్బు అవసరం ఉంటే, ఉంటుందనే అనుకుంటున్నాను, పాప చదువుకూ కౌన్సెలింగ్‌కూ మధ్యంతర పరిహారం ఇప్పించమని పోక్సో కోర్టులోనే దరఖాస్తు పెట్టవచ్చు. ఎఫ్‌ఐఆర్ అయ్యాక ఏ దశలోనైనా పెట్టవచ్చు, శిక్ష పడేదాకా ఆగక్కర్లేదు. ఇచ్చేది ప్రభుత్వం, మాస్టారు కాదు. సొంతంగా లాయరును పెట్టుకునే హక్కు కుటుంబానికి ఉంది. స్తోమత లేకపోతే జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది. ఆడవాళ్లకూ పిల్లలకూ ఆదాయం లెక్క చూడరు. ఫోన్ నంబరు 15100. పిల్లలకు సంబంధించి అర్ధరాత్రి అవసరమొచ్చినా 1098 ఉంది.

సంబంధాల సంగతి ఇప్పుడు ఎందుకండీ? ఆ పిల్లకు ముందు ఇంటర్ పరీక్షలున్నాయి.

ఈ వారం చేయాల్సింది చెబుతాను. వాట్సాప్ మెసేజ్‌లు, కాల్ రికార్డింగులు ఉంటే అవీ చెరిపేయకండి. ఎవరు, ఏ రోజు, ఎక్కడ కూర్చోబెట్టి, ఎంత ఇస్తామన్నారో గుర్తున్నంతవరకు ఒక తెల్లకాగితం మీద రాసి పెట్టుకోండి. అక్క దగ్గరికి వెళ్లి, సంతకం పెట్టడం లేదని ముందు ఆ ఒక్క మాట చెప్పండి. వెంటనే కరిగిపోతుందని ఆశ పెట్టుకోకండి, ఆమె కోపంలో న్యాయం ఉంది. తర్వాత ఇద్దరూ కలిసి పోక్సో కోర్టు పీపీ (ప్రభుత్వ న్యాయవాది) గారినీ, కేసు దర్యాప్తు చేసిన అధికారినీ కలిసి ఆ కాగితం అప్పగించండి. సాక్ష్యం మార్చమని బెదిరించడం విడిగా ఇంకో నేరం, అలాంటి ఫోన్ వస్తే అదే రోజు ఫిర్యాదు చేయండి. ఏదో ఒక రోజు ప్రభుత్వం తరఫునే కేసు ఉపసంహరించుకుంటామన్నా మీ మాట వినకుండా కోర్టు అందుకు ఒప్పుకోకూడదని నాగరిక సురక్షా సంహితలో చేర్చారు. అందుకని తర్వాతి వాయిదా తేదీ పీపీ గారి దగ్గర రాయించుకోండి. ఆ రోజుకు కొట్లో ముందే సెలవు చెప్పి పెట్టండి. పెద్దమనుషులు మళ్లీ పిలిస్తే, కేసు సంగతి పీపీ గారితో మాట్లాడుకోమనండి.